తమిళనాట మరో వెయ్యి మంది నోటరీలు: మన వకీళ్లలో ఎందరు అర్జీ పెడతారు?

ఒక రాష్ట్ర ప్రభుత్వం ఎంతమంది నోటరీలను నియమించుకోవచ్చో 1956 నాటి నోటరీల నియమాల షెడ్యూలు చెబుతుంది. 2025 అక్టోబరులో కేంద్ర న్యాయశాఖ ఆ షెడ్యూలును నాలుగు రాష్ట్రాల విషయంలో సవరించింది. తమిళనాడు పరిమితి 2,500 నుంచి 3,500కు పెరిగింది. గుజరాత్‌కు 2,900 నుంచి 6,000కు, రాజస్థాన్‌కు 2,000 నుంచి 3,000కు, నాగాలాండ్‌కు 200 నుంచి 400కు పెంచారు. జనాభా పెరిగింది, జిల్లాలూ తాలూకాలూ పెరిగాయి, రాష్ట్రాలే అడిగాయి అన్నది కేంద్రం చెప్పిన కారణం.

ఇది వకీళ్ల వార్త అనుకుని మనలో చాలామంది పేజీ తిప్పేసి ఉంటారు. హోసూరు, కృష్ణగిరి, కోయంబత్తూరు, కోవిల్‌పట్టి వైపు తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలు మాత్రం దీన్ని తమ వార్తగానే చదవాలని మా అభిప్రాయం. పెంచింది పరిమితిని మాత్రమే. వెయ్యి ఉద్యోగాలకు ప్రకటన వచ్చిందని కాదు, నోటరీ పని జీతమొచ్చే ఉద్యోగమూ కాదు. కానీ తలుపు కొంచెం తెరుచుకుంది. ఆ తలుపు దగ్గర తెలుగు చదవగల వకీళ్లు ఎంతమంది నిలబడతారన్నదే మన ప్రశ్న. కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశా ఈ సవరణలో లేవు. అయినా మరణాల వల్లో, గడువు పొడిగించుకోకపోవడం వల్లో అక్కడా ఖాళీలు వస్తూనే ఉంటాయి కాబట్టి ప్రశ్న అక్కడికీ వర్తిస్తుంది.

నోటరీ అంటే మనకు గుర్తొచ్చేది కోర్టు బయట చెట్టు కింద బల్ల, ఎర్రటి ముద్ర, అద్దె ఒప్పందం, కాలేజీ అఫిడవిట్. 1952 నోటరీల చట్టం చూస్తే పని అంతకంటే చాలా పెద్దది. 8వ సెక్షన్‌లో ఆ పనుల జాబితా ఉంది. పత్రాలను ధ్రువీకరించడం, ప్రమాణం చేయించి అఫిడవిట్ తీసుకోవడం, చెల్లని హుండీల మీద నిరసన నమోదు చేయడం, ఓడల కెప్టెన్ల వాంగ్మూలాలు రాసుకోవడం దాకా అందులో ఉన్నాయి. ఆ వరసలోనే ఒక చిన్న వాక్యం ఉంది: ఏ పత్రాన్నయినా ఒక భాష నుంచి మరో భాషలోకి తర్జుమా చేయడం, చేసిన తర్జుమాను సరిచూసి ధ్రువీకరించడం. పొరుగు రాష్ట్రాల్లో బతికే మనకు ఆ జాబితా మొత్తంలో అత్యంత విలువైన వాక్యం ఇదే.

ఎందుకంటే మన ఇళ్లలోని పాత కాగితాలు చాలావరకు తెలుగులో ఉన్నాయి. అది భాషాభిమానం వల్ల కాదు, సరిహద్దులు కదలడం వల్ల. బ్రహ్మపురం, పర్లాకిమిడి, రాయగడ, జైపూరు ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. బళ్లారి కూడా 1953 అక్టోబరు 1న మైసూరులో కలిసేదాకా మద్రాసుదే. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, మిగిలిన తాలూకాలు అటు వెళ్లాయి. తాతలు ఇల్లు కదల్లేదు, రాష్ట్రమే మారింది. వాళ్లు రాసుకున్న భాగపంపకాల కాగితం, వీలునామా, తాకట్టు పత్రం తెలుగులోనే పెట్టెలో ఉండిపోయాయి. షోలాపూర్, భివండి పద్మశాలీల కథ వేరు. వాళ్లు మగ్గంతో పాటు వలస వెళ్లారు. వాళ్లకు ఊళ్లో మిగిలిన పొలం కాగితాలు తెలుగులో, ఇక్కడి ఇంటి కాగితాలు మరాఠీలో ఉంటాయి.

ఇప్పుడు ఆ పెట్టె తెరవాల్సిన అవసరం వచ్చిందనుకోండి. తండ్రి పోయాడు, అన్నదమ్ములు ఇల్లు పంచుకోవాలి, బ్యాంకు అప్పుకు మూల హక్కు చూపించమంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరు చేయాల్సిన పత్రం అధికారికి రాని భాషలో, ఆ జిల్లాలో సాధారణంగా వాడని భాషలో ఉంటే దాన్ని తిరస్కరించాలి. జిల్లాలో వాడే భాషలోకి చేసిన నిజమైన తర్జుమా, పత్రం నకలు జతచేస్తేనే తీసుకోవాలి. బ్యాంకు న్యాయ సలహాదారుకూ తర్జుమా కావాలి. వారసత్వ తగాదా కోర్టుకెక్కితే అక్కడా కావాలి. ‘తెలుగు జిల్లాలో సాధారణంగా వాడే భాషే కదా’ అని హోసూరులోనో బళ్లారిలోనో వాదించవచ్చు. వాదించాలి కూడా. కానీ ఎదురుగా కూర్చున్న గుమాస్తా బదిలీ మీద తంజావూరు నుంచి వచ్చినవాడైతే ఆ వాదన ఆ పూటకు పనికిరాదు.

అప్పుడు జరిగేది అందరికీ తెలుసు. బజార్లో టైపింగు సెంటరు దగ్గర ఎవరో ఒకరు తర్జుమా చేస్తారు. దాన్ని పట్టుకెళ్లి నోటరీ ముందు పెడతారు. ఆయనకు తెలుగు రాదు. ముద్ర వేస్తారు. ముద్ర పడింది కాబట్టి పని అయిపోయిందని మనం అనుకుంటాం.

ఇక్కడే ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. మూల భాష తెలిసిన నోటరీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివి ‘తర్జుమా సరిగ్గా ఉంది’ అని సంతకం చేస్తే అది చట్టం చెప్పిన ధ్రువీకరణ. భాష తెలియని నోటరీ నిజాయితీగా చేయగలిగింది ఒక్కటే. తర్జుమా చేసిన మనిషి తన ముందు ప్రమాణం చేసి అఫిడవిట్ ఇచ్చాడని చెప్పగలరు. అంటే బాధ్యత తర్జుమా చేసినవాడి మీద ఉంటుంది. మూల పత్రంలో ఏముందో నోటరీ చెప్పినట్టు కాదు. ఈ రెండింటికీ ముద్ర ఒకేలా కనిపిస్తుంది. తగాదా లేనంతకాలం ఎవరూ పట్టించుకోరు. ఎదుటి పక్షం వకీలు క్రాస్ పరీక్షలో ‘మీకు తెలుగు చదవడం వచ్చా?’ అని అడిగిన రోజున తేడా బయటపడుతుంది.

పాత తెలుగు దస్తావేజు చదవడం తెలుగు వచ్చిన ప్రతివాడి వల్లా కాదు. గొలుసుకట్టు రాత, ఫసలీ సంవత్సరాలు, ‘జరాయితీ’, ‘ఇనాం’, ‘చెక్కుబంది’ లాంటి మాటలు, కుంచాల్లోనూ గరిసెల్లోనూ చెప్పిన నేల కొలతలు ఉంటాయి. చెక్కుబంది అంటే నాలుగు వైపుల సరిహద్దులని తెలియనివాడు దాన్ని ఇంటిపేరు చేసేసినా ఆశ్చర్యం లేదు. తూర్పు సరిహద్దు తప్పు పడితే ఎకరాలు తప్పుతాయి. భాషతో పాటు భూమి వ్యవహారం తెలిసిన వకీలే నోటరీగా ఉండటం అందుకే అవసరం.

రెండోది అఫిడవిట్ల సంగతి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 139వ సెక్షన్ ప్రకారం అఫిడవిట్ మీద ప్రమాణం చేయించే అధికారం నోటరీకీ ఉంది. డెబ్బై ఏళ్ల అమ్మమ్మ తమిళమో కన్నడమో మాట్లాడగలదు, చదవలేదు. సంతకం తెలుగులో పెడుతుంది, లేదా వేలిముద్ర వేస్తుంది. కాగితం మాత్రం స్థానిక భాషలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. అడుగున ‘చదివి వినిపించి, అర్థమయ్యేలా చెప్పి, నిజమని ఒప్పుకున్నాక సంతకం తీసుకున్నాం’ అని అచ్చయి ఉంటుంది. ఏ భాషలో చదివి వినిపించారు? హక్కు వదులుకునే పత్రాల మీద ఆడవాళ్ల సంతకాలు ఎలా పడుతున్నాయో మన కుటుంబాల్లో ఆడబిడ్డలకు వేరే చెప్పనక్కర్లేదు. ‘ఇందులో నీ వాటా వదులుకుంటున్నావమ్మా, తెలిసే పెడుతున్నావా?’ అని తెలుగులో ఒక్క మాట అడిగే నోటరీ ఆ బల్ల దగ్గర ఉంటే కొన్ని సంతకాలు పడవు. మన సంఘాల పెద్దలకు ఈ మాట రుచించకపోవచ్చు. అయినా చెప్పాలి.

ఇంత అవసరం ఉన్నప్పుడు, నోటరీని ఎంచుకునేటప్పుడు ఏ భాష వచ్చో చట్టం అడుగుతుందా? అడగదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

అర్హతలు 3వ నియమంలో ఉన్నాయి. అర్జీ పెట్టే నాటికి కనీసం 10 ఏళ్లు న్యాయవాదిగా ప్రాక్టీసు చేసి ఉండాలి. షెడ్యూల్డ్ కులాలు, తెగలు, ఇతర వెనుకబడిన తరగతుల వారికి, మహిళలకు 7 ఏళ్లు చాలు. ఇండియన్ లీగల్ సర్వీసు సభ్యులకు, 10 ఏళ్లు న్యాయాధికారిగా చేసినవారికి, మరికొందరు ప్రభుత్వ న్యాయ ఉద్యోగులకు కూడా దారి ఉంది. వచ్చిన అర్జీల్లో ఎవరిని సిఫారసు చేయాలో 7వ నియమం చెబుతుంది. అర్జీదారు మామూలుగా ఆ ప్రాంతంలోనే ఉంటున్నారా, ఆ ప్రాంతపు వాణిజ్య ప్రాముఖ్యాన్ని, ఇప్పటికే ఉన్న నోటరీల సంఖ్యను బట్టి అక్కడ ఇంకొకరు అవసరమా, వాణిజ్య చట్టాల్లో అనుభవం ఎంత, ప్రాక్టీసు ఏపాటిది, అభ్యంతరాలు ఏమైనా వచ్చాయా, పోటీలో ఉన్న మిగతావారికంటే తగినవారా అని చూస్తారు. భాష మాట ఎక్కడా లేదు. నియమితులైన వారి రిజిస్టరులో ఏముండాలో చట్టం 4వ సెక్షన్ చెబుతుంది. పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, వృత్తి చిరునామా, అర్హతలు ఉండాలంటుంది. భాషల మాట అక్కడా లేదు. తర్జుమా చేసే అధికారం ఇచ్చిన చట్టమే భాష వచ్చా అని అడగడం మరిచిపోయింది.

అయితే పైన చెప్పినదాంట్లోనే మనవాళ్లు పట్టుకోవాల్సిన కొస ఒకటి ఉంది. ‘ఆ ప్రాంతంలో ఇంకొక నోటరీ అవసరమా’ అన్నది సిఫారసు చేసే అధికారి ఆలోచించి తీరాల్సిన ప్రశ్న. తాలూకాలో ఇరవై మంది నోటరీలున్నా తెలుగు దస్తావేజు చదవగలవారు ఒక్కరూ లేకపోతే, అవసరం ఉన్నట్టే. అర్జీ పెట్టే తెలుగు వకీలు ఆ సంగతిని ఊరికే వదిలేయకూడదు. ఏయే భాషల లిపులు చదవగలరో, రాయగలరో, తెలుగు మూలాలున్న కేసులు ఎన్ని నడిపారో విడిగా ఒక కాగితం మీద రాసి జతచేయాలి. ఇంటర్వ్యూ జరిగితే ముందుగా చెప్పాల్సిన మాట కూడా అదే. దానివల్ల పని అయి తీరుతుందని మేము హామీ ఇవ్వలేం, కానీ రాయని కారణాన్ని ఏ అధికారీ ఊహించుకోడు.

అర్జీ పెట్టడానికి రెండు దారులున్నాయి. 3వ సెక్షన్ ప్రకారం కేంద్రం దేశం మొత్తానికీ గానీ, ఏదైనా భాగానికి గానీ నోటరీలను నియమించవచ్చు. రాష్ట్రం తన పరిధిలో నియమిస్తుంది. కేంద్రం పని 2024 నుంచి నోటరీ పోర్టల్ ద్వారా నడుస్తోంది. అర్హత పరిశీలన, ప్రాక్టీసు ధ్రువపత్రం, గడువు పొడిగింపు, ప్రాంతం మార్పు, వార్షిక నివేదికలు అన్నీ అందులోనే. రాష్ట్రాల్లో న్యాయశాఖ ప్రకటన ఇచ్చినప్పుడు చూసుకోవాలి. ఆ ప్రకటనలు స్థానిక భాషా పత్రికల్లో వస్తాయి. ఇంట్లో తెలుగు పత్రిక మాత్రమే చదివే కుటుంబాల్లోని యువ వకీళ్లు వాటిని దాటిపోనివ్వకుండా చూసుకోవాలి. ధ్రువపత్రం ఐదేళ్లకు ఇస్తారు. గడువు తీరాక పరుగెత్తకుండా నెలల ముందే పొడిగింపు అడగాలి.

ఏడేళ్ల సడలింపు కోరేవారు ఒక చిక్కు ముందే చూసుకోవాలి. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డ్ కులంగా గుర్తింపు ఉన్నవారు వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ హోదాతో ప్రయోజనం కోరలేరని మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు 1990లో తేల్చింది. ఎప్పటినుంచో స్థిరపడి, ఆ రాష్ట్రపు జాబితాలోనే తమ కులం ఉన్నవారికి ఇబ్బంది లేదు. తమిళనాడులో తెలుగు మాట్లాడే అరుంధతీయుల్లాంటి వారికి అక్కడి జాబితాలోనే చోటుంది. రెండు తరాల కింద వచ్చి, ఇప్పటికీ సొంతూరి ధ్రువపత్రమే దాచుకున్నవారు ఏడేళ్లకే అర్జీ పెట్టి తిరగ్గొట్టించుకునేకంటే పదేళ్లు నిండాక పెట్టడం మేలు. ఇందులో ఏ చిక్కూ లేనిది మహిళలకు. ఏడేళ్ల ప్రాక్టీసు ఉన్న మన ఆడపిల్లలు ఈ ఊళ్లలో కొత్తకాదు. ముందు వాళ్లతోనే మొదలుపెట్టమని మా సలహా.

మరి మనవాళ్లు ఎందుకు ముందుకు రావడం లేదు? డబ్బు లేదన్నది మొదటి జవాబు. ఫీజులు 10వ నియమం నిర్ణయించినవే, అవి తక్కువ. ఆఫీసు లోపలా బయటా ఫీజుల పట్టిక కనబడేలా పెట్టాలని కూడా అదే నియమం. బయట ఎన్ని బోర్డుల మీద ఆ పట్టిక చూశారో పాఠకులే చెప్పాలి! రిజిస్టరు రాయాలి, ఏటా ప్రభుత్వానికి లెక్క పంపాలి, దుష్ప్రవర్తన రుజువైతే పేరు తీసేస్తారు. హైకోర్టు ప్రాక్టీసు మీద కన్నేసిన కుర్రాడికి ఇది చిన్న పనిగా కనిపిస్తుంది. రెండో జవాబు, పాతవారు ఏళ్ల తరబడి కదలకపోవడం. ఐదేళ్లు, ఆపైన రెండు పొడిగింపులతో మొత్తం 15 ఏళ్లకే పరిమితం చేయాలని 2021 చివర్లో కేంద్రం ఒక ముసాయిదా బిల్లు మీద అభిప్రాయాలు అడిగింది. అలాంటి పరిమితి కొత్తవారికి మంచిదే. కానీ ఒక తాలూకాలో తెలుగు వచ్చిన నోటరీ ఒకరే ఉంటే పదిహేనేళ్లకు ఆయనా వెళ్లిపోతారు. తర్వాత ఎవరన్నది అప్పుడే వెతుక్కోవడం కుదరదు.

యానాం సంగతి విడిగా చెప్పాలి. అక్కడ తెలుగుకు లోటు లేదు. పాలనలో తెలుగు వాడకానికి పుదుచ్చేరి చట్టమే చోటిచ్చింది. అక్కడి చిక్కు ఫ్రెంచి. 1954కు ముందటి ఫ్రెంచి ‘నొటేర్’ మన నోటరీ లాంటివాడు కాదు. దస్తావేజు తానే రాసి, అసలును తన దగ్గరే భద్రపరిచి, కక్షిదారులకు నకలు ఇచ్చేవాడు. ఇప్పటి నోటరీ ఎవరో రాసి తెచ్చినదాని మీద ముద్ర వేస్తాడు. తాతల ఫ్రెంచి నకలు పట్టుకుని యానాం నోటరీ దగ్గరికి వెళ్తే ఆయన ఫ్రెంచి చదవగలిగితేనే ఆ ముద్రకు బలం. హోసూరులో తెలుగుకు వచ్చిన సమస్యే యానాంలో తెలుగువాళ్లకు ఫ్రెంచితో వచ్చింది. ఇంకో సంగతి: పుదుచ్చేరి నియమించిన యానాం నోటరీ పక్కనే ఉన్న కాకినాడ వెళ్లి బల్ల వేసుకోలేడు. హద్దు నోటరీ కూర్చునే చోటుకే, ముద్రపడిన కాగితం వెళ్లే చోటుకు కాదు.

నోటరీ ముద్రకు లేని శక్తిని మనమే అంటగడుతున్నాం, అదీ చెప్పుకోవాలి. షోలాపూర్‌లో ఉంటూ పాలమూరులో పొలం అమ్మడానికి తమ్ముడికి నోటరీ చేసిన జనరల్ పవర్ పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పవర్ పొందిన మనిషి దాని బలంతో సబ్‌రిజిస్ట్రారు ముందు దస్తావేజు దాఖలు చేయాలంటే, రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం ఇచ్చిన మనిషి ఉంటున్న ప్రాంతపు సబ్‌రిజిస్ట్రారో రిజిస్ట్రారో దాన్ని ధ్రువీకరించాలి. నోటరీ ధ్రువీకరణ సరిపోయేది ఇచ్చిన మనిషి విదేశంలో ఉన్నప్పుడు. టికెట్ పెట్టుకుని తమ్ముడు వెళ్లి ఖాళీ చేతులతో తిరిగొచ్చాక తెలుసుకోవడంకంటే ముందే తెలుసుకోవడం మంచిది. నోటరీ చేసిన అమ్మకం కాగితంతో ఇల్లు మనదైపోదు, రిజిస్ట్రేషన్ కావాలి. వీలునామాకు ఇద్దరు సాక్షులు తప్పనిసరి, నోటరీ ముద్ర ఆ లోటు పూడ్చదు. నోటరీ ముందు రాసుకుంటే పెళ్లి కాదు, విడాకులూ కావు. పెళ్లి ధ్రువపత్రాలు, విడాకుల పత్రాలు రాయడం నోటరీల పని కాదని కేంద్ర న్యాయశాఖ 2024 అక్టోబరులో మళ్లీ ఉత్తర్వు ఇచ్చింది. కుల పంచాయతీలో విడదీసి నోటరీ కాగితం చేతిలో పెట్టి పంపే పెద్దలు ఈ ఉత్తర్వు ఒకసారి చదవాలి.

ఇక సంఘాలు చేయగలిగిన పని ఒకటుంది. 6వ సెక్షన్ ప్రకారం కేంద్రం, ప్రతి రాష్ట్రం ఏటా జనవరిలో తాము నియమించిన, ప్రాక్టీసులో ఉన్న నోటరీల జాబితాను గెజిట్‌లో ప్రచురించాలి. మీ తాలూకా జాబితా తీసుకోండి. పేర్ల ముందు తెలుగు చదవగలవారికి టిక్కు పెట్టండి. ఊహించి కాదు, ఫోను చేసి అడిగి. లెక్క చేతికొచ్చాక రాష్ట్ర న్యాయశాఖకు రెండు విన్నపాలు పంపవచ్చు. జాబితాలో నోటరీకి వచ్చిన భాషలు కూడా చేర్చమని ఒకటి, భాషా మైనారిటీలున్న తాలూకాల్లో నియామకానికి ఆ భాషను కూడా లెక్కలోకి తీసుకోమని రెండోది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఆ విన్నపం ఆ రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా రాయవచ్చు. తెలుగులో రాసి, స్థానిక భాషా ప్రతి జతచేయండి. నకలు ఒకటి భాషా మైనారిటీల కమిషనరుకు పంపండి. లెక్క వేసిన తాలూకాల వివరాలు మాకూ పంపితే ఊరి పేరుతో సహా ఇక్కడే ప్రచురిస్తాం.